బంతాటకూ ఏజెంటే

కోరుట్ల బస్టాండు ముందు ఆయన ఫ్లెక్సీ కట్టారు. తెల్ల చొక్కా, రెండు చేతులా దండం, చుట్టూ గులాబీలు, కింద పెద్దక్షరాలతో "మా మార్గదర్శికి అశ్రునివాళి". ఆ మార్గం ఎటు పోయిందో మాత్రం రాయలేదు. బస్సు వచ్చేదాకా నేను ఆ మొహం వైపే చూస్తూ నిలబడ్డాను. బతికుండగా ఆయన ఎవరికైనా దండం పెట్టగా నేను చూడలేదు. రెండు చేతుల్లో రెండు ఫోన్లుండేవి, దండానికి ఖాళీ చెయ్యి దొరికేది కాదు.

పేరు రాయను. జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో పేరు చెప్పకున్నా ఆయనను పోల్చుకునేవాళ్లు వాడకొకరుంటారు. మొదట మా మగవాళ్లను గల్ఫుకు పంపాడు. పోయినవాళ్లు ఒక్కొక్కరే ఉత్త చేతులతో తిరిగొచ్చి ఆయన చొక్కా గల్లా పట్టుకోవడం మొదలుపెట్టాక ఆ దుకాణం కట్టేసి, వాళ్ల పిల్లల కోసం ఫుట్‌బాల్ లీగ్ తెరిచాడు. మనిషి అదే, మాట అదే. సరుకు మారింది.

ఆయనకు ఎదుటివాడి మొహం చూసే అలవాటు లేదు. ముందు చేతులు చూసేవాడు. నేను మొదటిసారి పోయినప్పుడు నా చెయ్యి తీసుకుని, జాతకం చెప్పేవాడిలాగ తిరగేసి, అరచేతిలో కాయ కాసిన చోట బొటనవేలితో నొక్కాడు.

"గిలాబు మేస్త్రివి కదా తమ్మీ. నీకు మంచిగుంటది. టెన్షన్ తీస్కోకు, నేనున్న."

గిలాబు అంటే గోడలకు సిమెంటు పూత. నా పని అదే. చెయ్యి చూసి చెప్పాడని నేను అప్పట్లో ఆశ్చర్యపోయాను. నా వేళ్ల సందుల్లో సిమెంటు తెల్లగా కనిపిస్తూనే ఉంది, ఆ మాత్రం చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

తర్వాత చాయ. ఎప్పుడూ ఒక్కటే చెప్పేవాడు. అది రాగానే ఇంకో ఖాళీ గ్లాసు తెప్పించి, సగం వంచి మనకిచ్చేవాడు. పిసినారితనం అనుకునేరు, కాదు. ఆయన గ్లాసులోంచి వంచిన చాయ తాగినవాడు మళ్లీ ఆయనను ప్రశ్న అడగలేడు. అంత పెద్ద మనిషి తన వాటాలో సగం మనకిచ్చాడాయె. జగిత్యాలలో ఆ సగం చాయ తాగి ఎడారికి పోయినవాళ్లు ఎంతమందో.

అప్పుడు మాకు పరీక్ష పెట్టాడు. జగిత్యాల బయట ఒక ఖాళీ జాగాలో ఇటుక గోడ కట్టించి, మాకు తలా ఇంత ముక్క పంచి గిలాబు చేయమన్నాడు. కోటు వేసుకున్న ఒకాయన వచ్చి గోడ వెంబడి ఒకసారి నడిచి, తల ఊపి వెళ్లిపోయాడు. మేమంతా పాసయ్యాం. సాయంత్రానికి మా పూత గీకేసి మరో గుంపును నిలబెట్టారు. వాళ్లూ పాసయ్యారు. కొడిమ్యాలలో నాకు బామ్మర్ది వరసవాడు ఒకడు తాపీ తలకిందులుగా పట్టుకున్నా పాసయ్యాడు. ఆయన పరీక్షలో ఫెయిలైన మనిషి పుట్టలేదు.

గల్ఫుకు పోయాక తెలిసింది, నాకు డైరెక్ట్ కంపెనీ లేదు, గిలాబు పనీ లేదు. ఒకడు నన్ను ఇంకొకడికి అద్దెకిచ్చేవాడు, ఆ ఇంకొకడు మరొకడికి. పాస్‌పోర్టు ఎవడి దగ్గరుందో నాకు చివరిదాకా తెలియలేదు. అక్కడి సర్కారు కాగితాల్లేనివాళ్లకు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు బయటపడి ఇంటికొచ్చాను. వచ్చిన మూడో నాడే ఆయన మా వాకిట్లోకి వచ్చి కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు.

"నాగ్గూడ తెల్వదు తమ్మీ. బొంబై ఏజెంటోడు నిన్ను ముంచిండు, నన్ను గూడ ముంచిండు. నాకే తెలిస్తె నిన్ను పంపుదునా?"

నా భార్య బీడీలు చుడుతూ ఆ కన్నీళ్లు చూసి కరిగిపోయింది. వాడ వాడంతా అదే మాట: పాపం, ఆయనకేం తెలుసు, పైనోడు మోసం చేసిండు. నేనూ సగం నమ్మాను. సగం చాయకు సగం నమ్మకం.

ఇక లీగ్ సంగతి. అప్పటికి నా బిడ్డ ఎనిమిదో తరగతిలో ఉంది. గల్లీలో మగపిల్లలతో చెప్పుల్లేకుండా బంతాడేది, రెండు కాళ్లతోనూ తన్నేది. బంతి వెంబడి ఉరికేటప్పుడు అది ఎవరి మాటా వినదు, ఇంట్లో కూడా వినదనుకోండి, అది వేరే సంగతి. ఒకరోజు బడి గోడకు ఫ్లెక్సీ చూసి వచ్చింది. బాలికల ప్రీమియర్ లీగ్, మూడు పట్టణాల్లో మ్యాచ్‌లు, జెర్సీ ఉచితం. కింద ఆయన బొమ్మ.

"బాపూ, నేన్ పోత. మా క్లాసోళ్లు అందరు పోతున్నరు."

ఆయన లీగ్ అంటే నాకు ఇష్టం లేదని చెప్పాను. మరి ఇంకెక్కడ ఆడాలని అడిగింది. ఆడపిల్లలకు కోరుట్లలో ఇంకో జట్టు లేదు. సెలక్షన్‌కు నేనూ వెంట పోయాను, కనీసం అడగాల్సినవి అడుగుదామని.

సెలక్షన్ జగిత్యాల మైదానంలో. పిల్లలను వరసగా నిలబెట్టి తలా ఒక బంతి తన్నమన్నారు. బంతి ఎటు పోయినా ఒకటే, అందరూ పాస్. ఆయన ఇప్పుడు చేతులకు బదులు పిల్లల కాళ్లు చూస్తున్నాడు. పిల్లలను "క్యాండిడేట్లు" అనే పిలుస్తున్నాడు. వీసాల నాటి ఆ మాట నోట్లోంచి పోలేదు. తర్వాత తల్లులనూ తండ్రులనూ షామియానా కింద కూర్చోబెట్టి, డౌట్లుంటే అడగమన్నాడు.

ఒక తల్లి లేచింది. "సార్, గిది డైరెక్ట్ కంపెనీయా, సప్లయా?"

ఎవరూ నవ్వలేదు. మా దిక్కు అది మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న. పనిచ్చేవాడే జీతమిస్తే డైరెక్ట్, మధ్యలో ఒకడు మనిషిని తిప్పుకుంటే సప్లయి. మొగుళ్ల వీసాలకు అడిగి అడిగి నోటికి అలవాటైన మాటను బిడ్డల ఆటకూ అడిగేశారు.

"డైరెక్టే అక్కా. హైద్రాబాద్‌తోని డైరెక్ట్."

"తిండి ఎవలది సార్?"

"కంపెనీదే. గుడ్డు, అరటిపండు."

"నడుమల అచ్చేస్తమంటె కార్డు మాకిస్తరా?"

కార్డు అంటే పిల్ల ఫొటోతో ఇచ్చే ప్లేయర్ కార్డు. అది లేకపోతే ఇంకే జట్టూ తీసుకోదని ఆయన ముందే చెప్పాడు.

"కార్డు మా దగ్గర్నే ఉంటది అక్కా. చిన్నపిల్లలు, పారేసుకుంటరు."

నా ఒళ్లు మండింది. పాస్‌పోర్టు గుంజుకునేటప్పుడు మాకు చెప్పిన మాటా ఇదే, పారేసుకుంటారని. లేచి, కార్డు పిల్లల దగ్గరే ఉండాలి అన్నాను. అప్పుడు జరిగింది చూడాలి. పక్కనున్న తల్లులు నన్ను కూర్చోమన్నారు. పాస్‌పోర్టు పట్టుకోని కంపెనీ ఈ భూమ్మీద ఒకటుంటుందని మా వాళ్లెవరూ ఎన్నడూ వినలేదు. కార్డు దాచుకుంటున్నాడంటే ఇది ఉత్తుత్తి లీగ్ కాదు, అసలు కంపెనీయే అని వాళ్లకు అప్పుడే గురి కుదిరింది. అంతదాకా అనుమానంగా చూసిన ఇద్దరు తండ్రులు కూడా లేచి పిల్లల పేర్లూ ఫీజూ ఇచ్చారు. బిడ్డ మొహం చూసి చివరికి నేనూ ఇచ్చాను.

పిల్లలను ఏ లీగ్‌లో వేయాలని నన్ను ఇప్పటికీ కొందరు అడుగుతారు. చూడాల్సింది ఒకటే: ఆట జరుగుతున్నప్పుడు మన పిల్ల గీత లోపల ఉందా, బయట ఉందా. ఆయన లీగ్‌లో నా బిడ్డ బయటే ఉంది. ఒక్కో జట్టుకు బస్సెడు పిల్లలు. ఆదివారం సిరిసిల్లలోనో జగిత్యాలలోనో మ్యాచ్ అంటే ముందు ముఖ్య అతిథి రావాలి, శాలువా కప్పాలి, ఫొటో దిగాలి. అవన్నీ అయ్యేసరికి ఎండ నెత్తి మీదికొచ్చేది. మిగిలిన కాసేపట్లో ఎవరి పిల్లలు ఆడేవారో చెప్పక్కర్లేదు, శాలువాలు కప్పించుకున్నవాళ్ల పిల్లలే. నా బిడ్డ ఇంటికొచ్చి మట్టి అంటని జెర్సీని ఉతికి ఆరేసేది. ఎందుకు ఉతుకుతున్నావని ఒకసారి అడిగితే, చెమటకని చెప్పింది.

ఆయననే అడిగాను. "నా బిడ్డను ఎప్పుడు ఆడిస్తవన్నా?"

"లైన్ల ఉన్నది తమ్మీ. నెక్స్ట్ బ్యాచ్‌ల పక్కా."

నెక్స్ట్ బ్యాచ్. వీసా కోసం తిరిగినప్పుడు ఆ మాట ఎన్ని ఆఫీసుల మెట్ల మీద విన్నానో.

ఆ ఎండాకాలం కోరుట్లలో పని దొరకక సిరిసిల్ల పోయాను. నా భార్య పుట్టిల్లు అక్కడే. బామ్మర్దివాళ్ల మరమగ్గాలకు నూలు రావడం లేదు, మనుషులు గుమ్మాల్లో కూర్చుని రోడ్డు చూస్తున్నారు. అయినా ఎవరో ఒక పుణ్యాత్ముడు ఇల్లు కట్టుకుంటున్నాడు. ఆ ఇంటి వెనక గోడకు కట్టిన బొంగుల మీద నిలబడి గిలాబు చేస్తుంటే, ఒక ఆదివారం పొద్దున పక్క బడి మైదానంలో ఈల వినిపించింది. ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. జెర్సీలు లేవు. కొందరు చున్నీలు నడుముకు బిగించారు. ఆ బడి పీఈటీ మేడం మధ్యలో ఉరుకుతూ అరుస్తోంది, పిల్లల మోకాళ్ల నిండా మట్టి.

మైదానం అంచున స్కూటర్ పక్కన తెల్ల చొక్కా. రెండు ఫోన్లూ జేబులో ఉన్నాయి. చేతులు వెనక్కి కట్టుకుని, మెడ చాచి, ఒక పిల్లనే చూస్తున్నాడు. ఆ మనిషి ఒక మొహాన్ని అంతసేపు చూడటం నేను ఎప్పుడూ చూడలేదు.

నేను దిగిపోయాను. "అన్నా, గిక్కడేం చేస్తున్నవ్?"

ఉలిక్కిపడి, నా మోచెయ్యి పట్టుకుని గోడ వారకు తీసుకుపోయాడు.

"మా బిడ్డ. పొద్దుగాల్నే తీస్కొస్త. కోరుట్లల ఎవ్వలకు చెప్పకు తమ్మీ."

"నీ లీగ్ ఉండంగ గింత దూరమెందుకు?"

"గాడ ఏమున్నది, ఊకె ఫొటోలు. పిల్ల ఖరాబైతది. గీ మేడం దగ్గర ఆట అస్తది. ఎవలచ్చినా ఆడిస్తది, పైస అడగది. నీ బిడ్డను గూడ గిక్కడ్నే వెయ్యి. మంచిగ ఉర్కుతది, నేన్ చూసిన కదా."

ప్రేమగానే చెప్పాడు. తండ్రి తండ్రికి చెప్పినట్టు చెప్పాడు. ఏది మంచి చోటో, ఏది ఉత్త ఫొటోల చోటో ఈ మనిషికి తెలుసు. తన బిడ్డను ఎక్కడ పెట్టాలో తెలుసు, నా బిడ్డను ఎక్కడ పెట్టాడో తెలుసు. అది బాగా ఉరుకుతుందనీ తెలుసు, తెలిసే గీత బయట కూర్చోబెట్టాడు. అలాంటప్పుడు నన్ను విమానం ఎక్కించిన రోజు మాత్రం తెలియకుండా ఎలా ఉంటుంది? మా వాకిట్లో కార్చిన కన్నీళ్లకు నేను అన్నేళ్ల తర్వాత ఆ గోడ వారన అర్థం తెలుసుకున్నాను. కొట్టాలనిపించింది. చేతిలో తాపీ కూడా ఉంది. కానీ అవతల ఆయన బిడ్డ బంతి ఆపి మా వైపు చూస్తోంది.

తర్వాతి వారం నా బిడ్డను తీసుకొచ్చాను. శనివారం సాయంత్రం బస్సెక్కి అమ్మమ్మ ఇంట్లో పడుకుని, పొద్దున్నే మైదానానికి వచ్చింది. కార్డు లేదని భయంభయంగా చెప్పింది. మేడంకు కార్డు సంగతే అర్థం కాలేదు.

"ఏ కాలుతోని తంతవ్?"

"రెండిటితోని మేడం."

"అయితె పో, ఆడు."

సెలక్షన్ అంతే. ఆ పూట నా బిడ్డ ఎంత మట్టి పూసుకుని వచ్చిందంటే, వాళ్ల అమ్మమ్మ దాన్ని బయటే నిలబెట్టి నీళ్లు పోసింది. ఇంకొన్ని వారాల్లో అసలైన లీగ్ మొదలవుతుందని, చుట్టుపక్కల బడుల జట్లన్నీ వస్తాయని, దానికి పదకొండు మందిని తీస్తానని మేడం చెప్పింది. నా బిడ్డ అన్నం తింటున్నా ఆ పదకొండు గురించే మాట్లాడేది.

నేను కోరుట్ల వచ్చి బీడీ కార్ఖానా దగ్గర తల్లులందరికీ చెప్పేశాను. అసలు ఆట సిరిసిల్లలో ఉంది, ఫీజు లేదు, ఎవరొచ్చినా చేర్చుకుంటారు, ఆయన బిడ్డే అక్కడ ఆడుతోంది. ఆయన దుకాణం ఆ దెబ్బతో మూతపడుతుందని నా ఆశ. మా వాళ్ల సంగతి నాకు ఇంకా సరిగా తెలియదన్నమాట.

"ఫీజు లేకుంట ఎవలన్న నేర్పుతరా?" అంది ఒకామె.

"ఆయన సొంత బిడ్డనే పెట్టుకున్నడంటె ఆడ సీటు దొరుకుడు గంత అల్కగ ఉండదు," అంది ఇంకొకామె.

నేరుగా ఆయన ఇంటికే పోయారు. బిడ్డలకు సిరిసిల్ల ఇప్పించమని బతిమాలారు. ఆయన ఒక ఫోన్ చెవికి పెట్టుకుని, రెండోది చొక్కాకు తుడుచుకుంటూ, సిరిసిల్ల కష్టమన్నాడట. కోటా తక్కువుంది, చూద్దాం అన్నాడట. రెండు ఆదివారాలు తిప్పుకుని, అందరికీ ఇప్పించాడు. తెరిచి ఉన్న గేటులోంచి లోపలికి పంపడానికి ఏం తీసుకున్నాడో నేను అడగలేదు. తీసుకోకుండా మాత్రం పంపలేదు.

వ్యాన్లలో పిల్లలు దిగుతుంటే మేడం సంబరపడింది. నేను ఉండబట్టలేక సంగతి చెప్పాను. ఆమె మొహం ఎర్రబడింది. అప్పటికప్పుడు తల్లులందరినీ పిలిచి గట్టిగా చెప్పింది. "నాకు ఎవ్వలతోని చెప్పిచ్చే పని లేదు. ఎవలచ్చినా తీస్కుంట. ఎవ్వలకు ఏం ఇయ్యకున్రి." తల్లులు అట్లనే మేడం అని తలలూపారు. ఏ ఆఫీసులో పెద్దసారు మాత్రం పైరవీ నడుస్తుందని నోటితో ఒప్పుకుంటాడు? ఆమె అలా అన్నందుకు వాళ్లకు ఆమె మీద గౌరవం పెరిగింది, ఆయన మీద నమ్మకమూ పెరిగింది.

జట్టు తీసే ఆదివారం దగ్గరపడింది. ముందు రోజు మధ్యాహ్నం నా భార్య చాటలో బీడీ ఆకు కత్తిరిస్తూ మొదలుపెట్టింది.

"అందరు చెప్పిచ్చుకుంటున్నరు. మనమే ఊకె పోయినం. రేపు పిల్లను పక్కకు పెడితె ఎవలను అడుగుతం?"

"ఆడుతుంది కదనే. మేడం కండ్లతోని చూస్తనే ఉన్నది."

"నువ్వు గూడ మంచిగనే గిలాబు చేసినవ్. ఏమైంది?"

కత్తెర ఆగలేదు. నేను లేచి బయటికి నడిచాను. ఆయన నా దగ్గర తీసుకుపోయినవన్నీ పోగా, ఇది ఒకటి మా ఇంట్లో వదిలిపోయాడని అప్పుడు తెలిసింది. పని బాగా చేస్తే చాలని ఆమె ఇక ఎప్పటికీ నమ్మదు.

ఆ ఆదివారం మేడం పేర్లు చదివింది. నా బిడ్డ పేరు మొదట్లోనే వచ్చింది. అది అక్కడికక్కడే ఎగిరింది. కళ్లలో నీళ్లొస్తుంటే నేను పక్కకు తిరిగాను. భుజం మీద చెయ్యి పడింది.

"నిన్న మీ ఇంట్ల చెల్లె అచ్చి చెప్పింది తమ్మీ. మేడం చెవుల ఒక మాట ఏసిన. నీ దగ్గర మాత్రం ఏం తీస్కోను. నువ్వు నా పాత క్యాండిడేట్‌వి."

నేను ఆ చెయ్యి తీసేశాను. ఆయన ఏమీ అనుకోలేదు, ఫోన్ మోగింది, నవ్వుకుంటూ అటు పోయాడు. అవతల నా భార్య కొంగుతో మొహం తుడుచుకుని, ఎన్నో వారాల తర్వాత నిమ్మళంగా కూర్చుని ఉంది.

కోరుట్ల బస్సులో బిడ్డ కిటికీ పక్కన కూర్చుంది. మోకాలికి దెబ్బ తగిలి నెత్తురు గడ్డకట్టింది, దాన్ని గోటితో గిల్లుకుంటోంది. కాసేపటికి అడిగింది.

"బాపూ, నేన్ ఆడుతున్ననని తీస్కున్నదా మేడం, గా సారు చెప్పిండని తీస్కున్నదా?"

"నీ ఆట చూసే తీస్కున్నది బిడ్డా. ఆయన మేడంతోని ఒక్క మాట మాట్లాడలె. వట్టి అబద్ధం."

"అమ్మ గట్ల చెప్పలె."

"అమ్మకు తెల్వది. నేన్ ఆడనే ఉన్న కదా."

సరే అన్నట్టు తల ఊపింది. నమ్మిందనే అనుకున్నాను. కోరుట్లలో దిగి సంచులు తీసుకుంటుంటే, వెనక అది వాళ్లమ్మ చెవిలో గుసగుసగా అడగడం వినిపించింది.

"అమ్మా, సారుకు థ్యాంక్స్ చెప్పినవా?"